ఫ్యూజుల డబ్బాలో మాత్రలు

లిఫ్టు మోటారు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అలా నవ్వినవాళ్లే ఆయనకు లిఫ్టు డాక్టరని పేరు పెట్టారు. ఆయన కళ్లు తెరిచి "బేరింగు పోయింది, వారం కంటే ఎక్కువ నడవదు" అంటే వాళ్లే భుజాలెగరేశారు. ఎనిమిదో రోజున ఆ మోటారు గీపెట్టి ఆగిపోయేసరికి నోళ్లు మూతపడ్డాయి, పేరు మాత్రం ఉండిపోయింది. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే. జరిగినదంతా ఆ గర్వంలోంచే వచ్చింది కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను.

ఇరవై ఏడేళ్ల పనిలో ఆయన పెట్టుకున్న నియమాలు రెండే. మొదటిది ఎర్రతీగల గురించి. తలుపు సరిగ్గా మూసుకోకపోతే లిఫ్టు కదలకూడదు. అందుకని ప్రతి తలుపుకీ ఒక కాంటాక్టు ఉంటుంది. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు మెకానిక్కులు ఆ కాంటాక్టును దాటేసేలా ఒక తీగముక్క తగిలిస్తారు. దాన్ని జంపర్ అంటారు. పనయ్యాక దాన్ని తీయడం మరిచిపోతే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు నడుస్తుంది, ఎవడో ఒకడు గాల్లో కాలు పెడతాడు. అందుకే ఆయన దగ్గర మూడే జంపర్లు. మూడూ ఎర్రవే, ఒక్కోటి గజం పొడుగు. వాటిని తీయకుండా ప్యానెల్ మూద్దామన్నా బయటికి వేలాడుతూ అడ్డం పడతాయి. పని ముగించి దిగే ముందు జేబు తడుముకుని "మూడు" అని పైకి అనేవాడు. జంపర్ మీద నడిచే లిఫ్టు బాగుపడ్డ లిఫ్టు కాదని ఆయన మాట.

రెండో నియమం లోపల చిక్కుకున్నవాళ్లకి. "లోపలే ఉండండి. సందులోంచి బయటికి దూకకండి. ఆగిపోయిన లిఫ్టంత భద్రమైన చోటు ఈ బిల్డింగులో ఇంకోటి లేదు. బ్రేకు పట్టుకుని ఉంది." ఈ మాటలు ఎన్ని వందలసార్లు అరిచాడో ఆయనకే లెక్క లేదు. ఒకసారి, ఆయన ఇంకా మెట్లెక్కి వస్తుండగానే, ఒక మనిషి తలుపు సందులోంచి కిందకి జారబోయి, కాలు పట్టుతప్పి లిఫ్టు తిరిగే షాఫ్టులోకి పడిపోయాడు. ఆ సంగతి భార్యకొక్కదానికే చెప్పాడు.

రెండున్నరేళ్ల కిందట ఆయన ప్యాంటు జారిపోవడం మొదలైంది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొట్టుకుని, సన్నబడటం మంచిదేలే అనుకున్నాడు. ఎడమ డొక్కలో ఏదో బరువు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. పొద్దున లేచేసరికి దిండు తడిసి ఉండేది. భార్య చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా రక్తం ఇచ్చి వచ్చాడు. తెల్లకణాలు పదివేలకు లోపు ఉండాల్సినవి రెండు లక్షల పైచిలుకు ఉన్నాయి. "మీ మిషను ఒకసారి చూపించుకోండి" అని ల్యాబువాళ్లకి సలహా ఇచ్చాడు. మళ్లీ తీశారు. మిషను శుభ్రంగా ఉంది.

రక్తం జబ్బుల డాక్టరమ్మ ఆయనకంటే పదేళ్లు చిన్నది, నిదానస్తురాలు. కాగితం మీద గుండ్రంగా ఒక కణం గీసి చెప్పింది.

"ఎముకల లోపల మజ్జలో రక్తకణాలు తయారవుతుంటాయండీ. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అని కణానికి కబురందించే ప్రోటీన్లు ఉంటాయి. కబురొస్తే ఆన్ అవుతాయి, పనయ్యాక ఆఫ్ అవుతాయి. మీకు ఒక కణంలో రెండు క్రోమోజోములు విరిగి, దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి అతుక్కున్నాయి. ఆ అతుకులోంచి పుట్టిన ప్రోటీను ఆఫ్ అవ్వడం లేదు. కబురు లేకపోయినా ఇంకా, ఇంకా అంటూనే ఉంది."

"కాంటాక్టర్ అతుక్కుపోయిందన్నమాట," అన్నాడాయన. "లోపలి పాయింట్లు వేడెక్కి కరుచుకుపోతే, బటన్ వదిలేసినా మోటారుకి కరెంటు వెళ్తూనే ఉంటుంది మేడమ్."

డాక్టరమ్మ కాంటాక్టరంటే ఏమిటో అడిగి తెలుసుకుని తల ఊపింది. "ఈ మాత్ర ఆ ప్రోటీనుకి శక్తి అందే చిన్న గూట్లోకి వెళ్లి కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపూ ప్రోటీను కిక్కురుమనదు. పాత మందుల్లాగా మంచి కణాన్నీ చెడ్డ కణాన్నీ కలిపి కొట్టదు. కాకపోతే రోజూ వేసుకోవాలి, మానకూడదు."

"ఎన్నాళ్లు?"

"ప్రస్తుతానికి ఎప్పటికీ అనుకోండి."

ఆ ఎప్పటికీ అన్న మాట ఆయనకు మింగుడు పడలేదు.

మాత్ర పని చేసింది, అందులో అనుమానమే లేదు. మూడు నెలల్లో డొక్కలో బరువు పోయింది, బెల్టు పాత బెజ్జానికి వచ్చింది. ఏడాది దాటాక రక్తంలో ఆ పాడు అతుకు జాడ వెతికితే గానీ దొరకనంత తగ్గింది. అందరూ అదృష్టవంతుడివన్నారు. ఆయనకి మాత్రం ఊపిరాడనట్టుండేది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే కళ్ల కింద ఉబ్బు. నిచ్చెన సగం ఎక్కాక పిక్కలు పట్టేసేవి. ఒకసారి ఆరో అంతస్తులో లిఫ్టు నెత్తిమీద కూలబడితే, కూడా పని చేసే బావమరిది పావుగంట కాలు రుద్దాడు. నలభై దాటిన బావమరిది చేత కాలు పట్టించుకోవడం ఆయనకు చచ్చేంత చిన్నతనమనిపించింది.

అంతకంటే పెద్ద చెర ఇంట్లో. పొద్దున తినడం అవగానే భార్య నిండు గ్లాసుతో ఎదురుగా నిలబడేది. మాత్ర నోట్లో వేసుకునేదాకా కదిలేది కాదు. మింగాక "ఏదీ, ఆ అనండి" అనేది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పది అంతస్తుల లిఫ్టుల్ని చెప్పుచేతల్లో పెట్టుకున్నవాడు, రోజూ నోరు తెరిచి చూపించాలి. జబ్బుగా ఉన్నప్పుడు ఇదంతా ప్రేమలా ఉండేది. బాగున్నాక కాపలాలా అనిపించసాగింది.

ఒక చెకప్పులో డాక్టరమ్మ మాటల్లో అంది: "కొందరికి చాలా ఏళ్లు ఇలాగే బాగుంటే, మా చేతుల్లో ఉంచుకుని, నెలనెలా రక్తం చూసుకుంటూ మాత్ర ఆపి చూస్తాం. కొందరికి తిరగబెడుతుంది, కొందరికి లేదు. మీకింకా చాలా టైముందండీ." ఇంత పొడుగు మాటలోంచి ఆయన ఇంటికి మోసుకెళ్లింది రెండు ముక్కలే: ఆపి చూస్తాం.

ఆ తర్వాత ఆయన బుర్ర ఎలా తిరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి తప్పు ఇంకో పనివాడు చేయడు. మాత్ర వేసుకుంటే లెక్కలన్నీ బాగున్నాయి. మరి మాత్ర లేకుండా? జంపర్ ఉన్నప్పుడు లిఫ్టు చక్కగానే నడుస్తుంది. తీసి చూస్తేనే కదా బాగుపడిందో లేదో తెలిసేది! ఇరవై ఏడేళ్లలో ఒక్క లిఫ్టునైనా జంపర్ మీద వదిలేసి ఇంటికి రాని మనిషి, తన ఒంటినొక్కదాన్ని అలా వదిలేస్తాడా? ఇది మొండితనమని ఆయనకి తట్టలేదు. పనితనమే అనుకున్నాడు.

మర్నాడు మాత్రను నాలుక కిందకి తోసి, నీళ్లు తాగి, ఆ అన్నాడు. భార్య గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన చెప్పులేసుకుంటూ మాత్ర ఉమ్మి, తుడిచి, పనిసంచిలో ఉండే ఫ్యూజుల డబ్బాలో వేశాడు. పారేయడానికి చెయ్యి రాలేదు. పనికొచ్చే వస్తువును పారేసే అలవాటు ఆయనకు లేదు.

మొదటి నెల స్వర్గం. కళ్ల కింద ఉబ్బు దిగింది, పిక్కలు వదిలాయి. నిచ్చెన మీద ఈల వేస్తుంటే బావమరిది కింద నుంచి "ఏంటి బావా, మళ్లీ పెళ్లా?" అని ఆటపట్టించాడు. మూడు నెలలకోసారి తీయాల్సిన రక్తపరీక్షకు మాత్రం వెళ్లలేదు. ఆ వారం మూడు లిఫ్టులు ఒకేసారి పడ్డాయని ఇంట్లో చెప్పాడు. పడింది ఒకటే.

ఒకరోజు బావమరిది ఫ్యూజు కోసం ఆ డబ్బా తెరిచాడు. "ఇన్ని మాత్రలేంటి బావా ఇందులో?"

"స్పేరు."

"ఇన్నా?"

"ఎన్నుంటే నీకెందుకురా? ఆ ఆరు ఆంపియర్లది తియ్యి."

బావమరిది నోట్లో మాట దాగదు, అక్కతో చెబుతాడేమోనని నాలుగు రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ఆ మనిషి నిజంగానే నమ్మేసి మరిచిపోయాడు. అది ఇంకా బాధగా ఉంది.

మూడో నెల చివర్లో ఒక పొద్దున దిండు తడిసి ఉంది. ఉక్కపోత అనుకున్నాడు. వారం తిరక్కుండా బెల్టు కొత్త బెజ్జంలోకి వెళ్లింది. ఎక్కువ తిరుగుడు అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం మెషిన్ రూములో ఎవరూ లేనప్పుడు, స్క్రూడ్రైవరు మొనను తన ఎడమ డొక్క మీద ఆనించి, మెడ వంచి పిడిని చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. గుండె కొట్టుకోవడం వినిపించింది. లోపల ఏది ఇంకా, ఇంకా అంటోందో వినిపించలేదు. అప్పుడాయనకి భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, నోరు విప్పి చెప్పాలంటే భయం వేసింది. రేపట్నుంచి వేసుకుంటాలే అని రోజూ అనుకున్నాడు. రోజూ మాత్ర డబ్బాలోకే వెళ్లింది. ఇప్పుడు మింగితే పాతవన్నీ మింగలేదని ఒప్పుకున్నట్టు అనిపించేది. తన ముందు తనే ఒప్పుకోలేకపోయాడు.

రెండోసారి పరీక్ష తేదీ వచ్చినప్పుడు భార్య సాకులు విననంది. "ప్రపంచంలో లిఫ్టులన్నీ పడిపోయినా సరే, పదండి," అని ముందు నడిచింది. ఆస్పత్రిలో రక్తం విభాగం నాలుగో అంతస్తు. లిఫ్టులో వాళ్లిద్దరే ఎక్కారు. తలుపు మూసుకుంటుంటే గడప దగ్గర కీచుమన్న చప్పుడు విని ఆయన మొహం చిట్లించాడు. రెండు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది.

భార్య బెల్లు నొక్కింది. ఎవరో పలికి, మెకానిక్కుకి ఫోన్ చేశామన్నారు, అరగంట పడుతుందన్నారు. ఆమె పర్సు ఒళ్లో పెట్టుకుని నింపాదిగా నేల మీద కూర్చుంది. లిఫ్టు మెకానిక్కు పెళ్లాం, ఆమెకి కంగారేం ఉంటుంది? కంగారంతా ఆయనది. నాలుగు గోడలు మీదికొచ్చినట్టయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎప్పుడూ బయట నిలబడి అరిచినవాడే గానీ, ఇన్నేళ్లలో తను లోపల చిక్కుకున్నది లేదు. పైన డాక్టరమ్మ, సూది, అంకె. కింద ఫ్యూజుల డబ్బా. మధ్యలో తను. తలుపు అంచున వేళ్లు జొనిపి లాగాడు. తలుపులు జానెడు, తర్వాత మూరెడు తెరుచుకున్నాయి. సగం ఎత్తులో మూడో అంతస్తు నేల, దాని కింద నల్లగా షాఫ్టు గోడ. పైకి పాకితే మనిషి పట్టేంత సందు. ఒక చెయ్యి గచ్చు మీద వేశాడు.

వెనక నుంచి భార్య చొక్కా పట్టుకుంది.

"ఏం చేస్తున్నారు?"

"నాకు ఊపిరాడటం లేదు. వదులు."

"లోపలే ఉండమని ఊరందరికీ చెప్పేది మీరే కదండీ? ఆ రోజు ఆ మనిషి సంగతి చెప్పి, అన్నం ముందు నుంచి లేచిపోయింది మీరు కాదూ? దూకకపోయి ఉంటే బతికేవాడని ఎన్నిసార్లన్నారు!"

ఆయన చెయ్యి గచ్చు మీద నుంచి జారింది. వెనక్కి తిరగకుండా, తలుపు సందులోకి చూస్తూ అన్నాడు.

"నేను ఎప్పుడో దూకేశాను."

"ఏంటీ?"

"మాత్ర వేసుకుని నాలుగు నెలలైంది."

ఆమె చొక్కా వదల్లేదు. చాలా మెల్లగా అడిగింది.

"రోజూ నోరు చూశాను కదా."

"నాలుక కింద."

"ఎక్కడ పారేశారు అన్నీ?"

"పారేయలేదు. ఫ్యూజుల డబ్బాలో ఉన్నాయి."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పర్సుతో ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే తగిలింది. "దాచిపెట్టుకున్నారా? దేనికి? నేను పోయాక వేసుకుందామనా?" అంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, పెళ్లయ్యాక మొదటిసారి ఆమె ముందు ఏడ్చాడు. జంపర్ సంగతంతా చెప్పాడు. ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే ఆయన తల నిమిరింది.

పైనుంచి ఎవరిదో గొంతు వినిపించింది, అచ్చం ఆయన అరిచే ధోరణిలోనే. "లోపలే ఉండండి! బయటికి రాకండి!"

"ఉంటాం బాబూ, ఉంటాం," అని అరిచాడు లిఫ్టు డాక్టరు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆయనకి అనిపించింది. ఎందుకు ఆపారని అడిగింది. ఆయన జేబులోంచి ఎర్రతీగ తీసి బల్ల మీద పెట్టి, మొదటి నుంచీ వివరించాడు. ఆమె శ్రద్ధగా విని, తీగను వేలితో ఇటు జరిపింది.

"మీ లెక్క బాగానే ఉందండీ, ఒక్కచోట తిరగబడింది. ఇక్కడ జంపర్ అంటే మాత్ర కాదు, ఆ అతుకు. ఆగమని చెప్పే ఏర్పాట్లన్నిటినీ దాటేసి కణాన్ని నడిపిస్తున్నది అదే. మాత్ర మీ బ్రేకు."

ఆయన తీగను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏడేళ్ల పని. కొత్తగా పనిలో చేరినవాడు కూడా బ్రేకు విప్పి జంపర్ విప్పాననుకోడు. ఆ గదిలో జబ్బుకంటే ఈ సిగ్గే ఆయన్ని ఎక్కువగా కాల్చింది.

తెల్లకణాలు డెబ్బై వేలు దాటాయని ఆ రోజే తెలిసింది. అసలు సంగతి తెలియడానికి చాలా రోజులు పట్టింది: పాత మాత్రకి ఆ ప్రోటీను ఇంకా లొంగుతుందా, లేదా? మళ్లీ రోజూ మాత్ర మింగుతూ, ఆ రోజులన్నీ ఆయన పనికి వెళ్లాడు, వచ్చాడు, తిన్నాడు. బావమరిది వచ్చి గుమ్మంలోనే నిలబడి, "స్పేరని చెప్తే నమ్మాను కదా బావా," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఫలితం మంచిది కాదు. ఆ చిన్న గూడు ఆకారం ఒకచోట మారింది. పాత మాత్ర అందులో ఇక కూర్చోలేదు.

"నేను ఆపబట్టేనా మేడమ్?"

"అది నేను చెప్పలేనండీ. మీరు వేసుకుంటున్నా మారి ఉండొచ్చు. కానీ పరీక్షకి వచ్చి ఉంటే ముందే పట్టుకునేవాళ్లం." ఆమె కొత్త చీటీ రాసింది. "మారిన ఆకారానికి పట్టే మాత్ర ఉంది. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో. వేసుకోబోయే ముందు రెండు గంటలు ఏమీ తినకూడదు, వేసుకున్నాక గంటదాకా తినకూడదు. ముందు గుండె పరీక్ష ఒకటి చేయించండి."

"ఇదీ పని చేయకపోతే?"

"ఇంకోటి ఉంది. ఆ తర్వాత మన చేతిలో ఉన్నవి తగ్గిపోతాయి."

గుండె బాగానే ఉందన్నాక, కొత్త మాత్ర మొదలుపెట్టే రోజు వచ్చింది. పొద్దున ఏడు. భార్య గ్లాసూ మాత్రా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదురుగా నిలబడలేదు. వెనక్కి తిరిగి కిటికీ తెర సర్దుతోంది. ఆయన మాత్ర మింగి, నీళ్లన్నీ తాగి, అలవాటు ప్రకారం నోరు తెరిచి కూర్చున్నాడు. ఆమె ఇటు తిరగలేదు.

"చూడు," అన్నాడు.

"చూడను."

"మింగాను. చూడు ఒకసారి."

"ఇన్నాళ్లు చూశాను, ఏం కనపడింది?" అంది ఆమె తెర వదలకుండానే. "ఇక మీదట మీరే చూసుకోండి."

ఆయన నోరు మూసుకున్నాడు. నాలుక కింద నాలుకతోనే తడిమి చూసుకున్నాడు. ఏమీ లేదు. "మింగాను" అని పైకి అన్నాడు, జేబు తడిమి మూడు అని అనే గొంతుతో.

బల్ల మీద రెండు పళ్లాల్లో తిండి మూతపెట్టి ఉంది. ఎనిమిది కొట్టేదాకా ఆయన ముట్టుకోకూడదు. ఆమె వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది గానీ తన పళ్లెం మూత తీయలేదు.

"నువ్వు తినొచ్చుగా. ఈ గంట కాపలా నాకు కదా."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. "ఆ రోజు లిఫ్టులో ఇద్దరం ఉన్నాం కదండీ," అంది. ఇంకా యాభై రెండు నిమిషాలుంది.